ఫీజు మాఫీ ఒక్కటే చూడకండి

మాస్టర్స్ చదవడానికి అమెరికా వచ్చే మనవాళ్లు అసిస్టెంట్‌షిప్ (చదువుకుంటూ యూనివర్సిటీలో చేసే పని) మాట ఎత్తితే చాలు, ఫీజు ఎంత మాఫీ అవుతుంది, నెలకు స్టైపెండ్ ఎంత వస్తుంది అన్న లెక్కల దగ్గరే ఆగిపోతారు. విదేశీ విద్యార్థి కట్టవలసిన ఫీజు ఎంతో తెలిసినవారెవరూ ఆ లెక్కలను తప్పుపట్టలేరు. అయితే పాఠాలకు సాయపడే టీఏగానో, పరిశోధనలో పాలుపంచుకునే ఆర్ఏగానో కాకుండా, యూనివర్సిటీ కెరీర్ సెంటర్‌లో జీఏగా (గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా) పనిచేసిన నాకు, ఆ లెక్కకు అందనిదే తరువాతి ఉద్యోగాల్లో ఎక్కువగా అక్కరకొచ్చింది.

డిగ్రీ విద్యార్థుల రెజ్యూమెలు దిద్దడం, వాళ్లకు మాక్ ఇంటర్వ్యూలు చేయడం, జాబ్ ఫెయిర్ ఏర్పాట్లు చూడటం నా పని. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు ఎఫ్‌-1 వీసా (విద్యార్థి వీసా) మీద వచ్చిన విద్యార్థి క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ కొద్ది గంటల్లోనే మా సూపర్‌వైజర్ నాతో విడిగా కూర్చోవడానికి ప్రతివారం సమయం కేటాయించేవారు. పూర్తయిన పనుల చిట్టా నేను వరసగా చదువుతుంటే ఆవిడ ఓపికగా విని, వీటిలో ఏది కష్టమనిపించిందో చెప్పమనేవారు. పైఅధికారి దగ్గర ఇబ్బంది చెప్పుకోవడమంటే చేతకానితనాన్ని బయటపెట్టుకోవడమేనని నమ్మి పెరిగినవాళ్లకు ఆ ప్రశ్న ఒక పట్టాన మింగుడుపడదు.

ఒకసారి ఒక తండ్రి ఫోన్ చేసి, తన కొడుకు మా దగ్గరికి వస్తున్నాడో లేదో చెప్పమన్నారు. ఫీజు కడుతున్నది తానేనని కూడా గుర్తుచేశారు. విద్యార్థుల రికార్డుల గోప్యతకు సంబంధించిన 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డులపై హక్కు ఆ విద్యార్థిదే. తల్లిదండ్రుల విషయంలో కొన్ని మినహాయింపులు ఉన్నా, వాటిని వర్తింపజేసే అధికారం జీఏకు ఉండదు. అవునని గానీ కాదని గానీ అనకుండా, అవతలి మనిషి నొచ్చుకోకుండా, మా సెంటర్ ఏమేం చేస్తుందో వివరించి, అబ్బాయినే అడగమని చెప్పాలి. ఇలాంటి ఫోన్లు వస్తాయని తెలిసిన సూపర్‌వైజర్, తానే తండ్రి పాత్ర వేసి, గొంతు పెంచి మరీ, నాతో ఆ సంభాషణను ముందే సాధన చేయించారు. అందువల్ల ఆ రోజు తడుముకోలేదు. ఇప్పుడు కస్టమర్లతో మాట్లాడవలసి వచ్చినప్పుడు నాకు పనికొస్తున్నది ఆ సాధనే.

డబ్బు విషయంలోనూ ఒక మెలిక ఉంది. టీఏ, ఆర్ఏల ఫీజు మాఫీపై సాధారణంగా ఆదాయపన్ను పడదు. 2017లో ప్రతినిధుల సభ ఆమోదించిన బిల్లు దానిపైనా పన్ను వేయబోయింది కానీ, తుది చట్టంలో ఆ నిబంధన చోటుచేసుకోలేదు. కార్యాలయాల్లో పనిచేసే జీఏల సంగతి వేరు: నా రోజుల్లో మాఫీ ఏడాదికి 5,250 డాలర్లు దాటితే, ఆ పైమొత్తాన్ని జీతంగా లెక్కగట్టి పన్ను కోసే అవకాశం ఉండేది. చేరకముందే పేరోల్ వారిని అడిగి తెలుసుకోవడం మంచిది.

అన్ని కార్యాలయాలూ ఇలాగే ఉంటాయని కాదు. సెమిస్టర్ పొడవునా ఫోన్లు ఎత్తడం, జిరాక్సులు తీయడంతోనే సరిపోయిన జీఏలు నాకు తెలుసు. వాళ్ల స్టైపెండ్ నాకంటే ఎక్కువే. పని వివరాల చివర ‘అప్పగించిన ఇతర పనులు’ అని ఒక ముక్క దాదాపు ప్రతిచోటా ఉంటుంది. దాని కింద నిజంగా ఏమేం చేయించారో, అంతకుముందు ఆ సీట్లో కూర్చున్నవారికి ఒక ఫోన్ చేస్తే చెబుతారు.