ఇసుక పోస్తే సముద్రం సొంతమవుతుందా?

"నాలుగు రాళ్ల కోసం ఇంత గొడవా!" అని మెస్‌లో మన తెలుగు కుర్రాడు దక్షిణ చైనా సముద్రం తగవు గురించి అన్నందుకు, మా ఓడ డెక్ సిబ్బందికి పెద్ద అయిన ఫిలిప్పీన్స్ బోసన్ గట్టిగానే తగులుకున్నాడు. వాళ్లది ఆ దేశపు పడమటి తీరంలోని జాంబాలెస్, చైనాతో తగవున్న పగడపు దిబ్బ స్కార్‌బరో మీద బతికిన ఊళ్లు. "రాళ్లెవడిక్కావాలి సార్, చుట్టూ ఉన్న చేపలు మావి" అన్నాడు.

కుర్రాణ్ణీ తప్పుపట్టలేం. మర్చంట్ షిప్ మీద ఉన్నవాళ్లకు అవి దూరం పెట్టాల్సిన గుర్తులే. సింగపూర్ నుంచి హాంకాంగ్ వెళ్లే దారి ఆ సముద్రంలోని స్ప్రాట్లీ దీవులకు పడమరగా పోతుంది. చార్టు మీద ఆ ప్రాంతానికి 'డేంజరస్ గ్రౌండ్' అనే రాసి ఉంటుంది. సర్వేలు పాతవి, లోతు అంకెలు పలచన, అటు పోయే పనే లేదు.

కానీ బోసన్ మాటలో ఉన్నది అసలు లెక్క. 1982 సముద్ర చట్టం పోటును చూస్తుంది. పోటు మీద కూడా నీటిపైన ఉండే రాయికి చుట్టూ 12 నాటికల్ మైళ్ల సముద్రం హక్కుగా వస్తుంది. మనుషులు సొంతంగా బతకగలిగే దీవికైతే చేపల మీద హక్కు 200 మైళ్ల దాకా. పాటు వేళ మాత్రమే తేలే దిబ్బకు సొంతంగా ఏమీ రాదు. దాని మీద ఎంత కట్టినా చుట్టూ 500 మీటర్ల సేఫ్టీ జోన్ వరకే.

మిస్చిఫ్ రీఫ్ అలా పాటుకు తేలే దిబ్బ, ఫిలిప్పీన్స్ దీవి పలావాన్ నుంచి 200 మైళ్ల లోపలే, అంటే ఆ దేశపు హక్కు నీళ్లలోనే ఉంది. 1995లో చైనా అక్కడ దిగింది. 2013 చివర్నుంచి మొత్తం ఏడు రీఫ్‌ల మీద డ్రెడ్జర్లు, అంటే సముద్రపు అడుగు తవ్వి తోడిపోసే ఓడలు, పెట్టింది. వైజాగ్ బీచ్ కోతకు గురైనప్పుడు పైపులతో ఇసుక పోస్తారే, పద్ధతి అదే. కాకపోతే ఇక్కడ కట్టర్ తల తిరుగుతూ పగడాన్నే పిండి చేస్తుంది. ఆ బురద లేచి పక్కన బతికున్న పగడాన్నీ కప్పేస్తుంది. అలా 3,200 ఎకరాలు లేచాయి. మూడుచోట్ల పెద్ద విమానాలు దిగే రన్‌వేలు వేశారు.

ఇంత ఇసుక కింద అసలు రాయి ఎలా ఉండేదో ఎవరు చెప్పాలి? ఫిలిప్పీన్స్ వేసిన కేసులో 2016లో తీర్పిచ్చిన అంతర్జాతీయ ట్రైబ్యునల్ పాత సర్వేలనూ, మేం బ్రిడ్జ్ మీద తిరగేసే సెయిలింగ్ డైరెక్షన్ల (నావికులకు దారి చెప్పే పుస్తకాల) పాత ప్రతులనూ తీసి చూసింది. చైనా మ్యాపులో గీసుకున్న తొమ్మిది గీతల లోపలి నీటి మీద దాని చారిత్రక హక్కులకు ఆధారం లేదంది. స్ప్రాట్లీలలో దేనికీ 200 మైళ్లు రావంది. చైనా ఒప్పుకోలేదు.

నన్ను తొలిచేది ఇక్కడే. చట్టం పోటును కొలుస్తుంది, నీళ్లు మాత్రం అక్కడ కదలకుండా కూర్చున్నవాడివి అవుతున్నాయి. స్కార్‌బరోలో ఇసుకే పోయలేదు. 2012 నుంచి తెల్ల కోస్ట్‌గార్డ్ ఓడలే కాపలా. ముందు మిలీషియా పడవలు, అంటే చైనా ప్రభుత్వం కోసం పనిచేసే చేపల పడవలు, తామెక్కడున్నామో చుట్టూ ఓడలకు చెప్పే ఏఐఎస్ ఆపేసి, ఒకదానికొకటి కట్టుకుని లంగరేస్తాయి. రాడార్‌లో ఒకే పొడుగాటి ఎకోగా కనిపిస్తాయి. 2021లో విట్సన్ రీఫ్ దగ్గర అలాంటివి సుమారు 200 చేరాయి. వాటి వెనక కోస్ట్‌గార్డ్ ఎదుటి పడవ ముక్కు ముందునుంచి కోసుకుపోతుంది, ఆపైన వాటర్ క్యానన్. వీల్‌హౌస్ అద్దాలూ యాంటెనాలూ పోతే చిన్న పడవ వెనుదిరగాల్సిందే. తుపాకి పేలలేదు కాబట్టి, సాయుధ దాడి జరిగితేనే పనికొచ్చే 1951 అమెరికా–ఫిలిప్పీన్స్ రక్షణ ఒప్పందం దాకా వ్యవహారం పోదు.

మన బంగాళాఖాతంలోనూ ఇలాంటి తగవే నడిచింది. 2014లో అంతర్జాతీయ ట్రైబ్యునల్ తీర్పుతో, తగవులో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు పోయాయి. భారత్ ఒప్పుకుంది. మనది పెద్ద దేశం, అయినా డ్రెడ్జర్ పంపలేదు. ఈ మాట బోసన్‌కు గర్వంగానే చెప్పాను, ఇంకెవరికైనా చెబుతాను.

స్కార్‌బరోలో చైనా జాలర్లను వెళ్లగొట్టమని ఆ 2016 తీర్పు చెప్పలేదు. ఫిలిప్పీన్స్, వియత్నాం, చైనా జాలర్లందరికీ అక్కడ తరతరాల వేట హక్కుందనే చెప్పింది. 2025 సెప్టెంబరులో చైనా దాన్ని ప్రకృతి సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. జాంబాలెస్ పడవలు ఇప్పుడు దానికి దూరంగా, ఎక్కువ డీజిల్ కాల్చి, తక్కువ చేపకు వల వేస్తున్నాయి.