డబ్బాలో ఎండిన కూజా

ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద నెపంథిస్ (పురుగుల్ని పట్టి తినే కూజా మొక్క, పిచర్ ప్లాంట్) బొమ్మ గీసి ఇంటర్ పిల్లలకు పాఠం చెబుతున్నాను. అసలు మొక్కను దాని సొంత నేల మీద చూడాలని మేఘాలయలోని బాఘ్‌మారా వెళ్లాను. గువాహటి నుంచి తురా, అక్కణ్ణించి ఇంకో వంద కిలోమీటర్ల పైన. నడుం పోయింది, అంతే.

1984లో పెట్టిన అక్కడి పిచర్ ప్లాంట్ అభయారణ్యం సుమారు 2 హెక్టార్లు. మా మావయ్య మామిడితోటే అంతకన్నా పెద్దది. దానికి అనుమతి కోసం ఒక ఆఫీసువాళ్లు మూడుసార్లు తిప్పారు. 'చూడటానికి' అని రాస్తే ఎందుకన్నారు. 'అధ్యయనానికి' అంటే కాలేజీ లెటర్ అడిగారు. వాట్సాప్‌లో వచ్చింది చెల్లదట, ప్రింటు తీస్తే స్టాంపు మసకగా ఉందట! వెళ్లేవాళ్లు లెటర్ ఒరిజినల్, రెండు జిరాక్సులు ఇంటి దగ్గరే సర్దుకోండి. ఆ గుమస్తాకి నవ్వుతూ నమస్కారం పెట్టడం మాత్రం శుద్ధ దండగ.

లోపలికెళ్లాక అదంతా మర్చిపోయాను. ఆకు కొస తీగలా సాగి, దాని చివర మూత ఉన్న కూజా. అడుగున నీళ్లలో చీమలు తేలుతున్నాయి. గారో భాషలో దీన్ని మెమాంగ్ కోక్సి, అంటే దయ్యం బుట్ట అంటారని గార్డు కుర్రాడు చెప్పాడు. మగ మొక్కలు, ఆడ మొక్కలు వేరువేరని నేనూ అతనికి కాస్త పాండిత్యం ప్రదర్శించాను.

ఆ పాండిత్యమే కొంప ముంచింది. ఒక మొక్క కింద ఎండిన కూజా రాలి ఉంది. పిల్లలకు చూపిద్దామని టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను. బయటికొచ్చేటప్పుడు అతను బ్యాగు తెరవమన్నాడు. కోయలేదు బాబూ, కింద పడిందే తీశానని వచ్చీరాని హిందీలో చెప్పాను.

"అందరూ అదే అంటారు సార్. మీరు మాష్టారు కదా?"

ఈ మొక్కకూ వర్తించే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నేను చెప్పే పాఠమే, ఏటా నాలుగు మార్కుల ప్రశ్న. ఈ మొక్కల్ని పెరికి అమ్ముకునేవాళ్ల వల్లే ఇంత కాపలా అనీ తెలుసు. నా కొడుకు వయసు వాడి ముందు, చూడటానికొచ్చిన ఒక కుటుంబం ముందు నిలబడి తెల్లకాగితం మీద క్షమాపణ రాశాను. కంగారులో మొక్క శాస్త్రీయ నామం 'నెపంథిస్ ఖాసియానా'లో ఒక అక్షరం ఎగిరిపోయింది. అది కూడా వాడే దిద్దించాడు.

తర్వాత డబ్బాలోంచి కూజా తీసుకెళ్లి అదే మొక్క కింద పెట్టి వచ్చాడు. డబ్బా మాత్రం కడిగి ఇచ్చాడు.