హయత్ బక్షీ బేగం దగ్గర

"జెంట్స్ గైడ్ ఎవరూ లేరామ్మా?" హైదరాబాద్ కుతుబ్ షాహీ సమాధుల దగ్గర మా లేడీ గైడ్‌ని చూసి, మా గ్రూపులో ఒక పెద్దాయన అడిగేశాడు.

ఆవిడ నొచ్చుకోలేదు. చున్నీ నడుముకు బిగించి, "రండి సార్, ముందు హయత్ బక్షీ బేగం దగ్గరికి వెళ్దాం" అంది.

ఎండలో ఆ బేగం సమాధి గుమ్మటం కింద నిలబడి చెప్పింది. 1626లో అబ్దుల్లా కుతుబ్ షా గోల్కొండ గద్దె ఎక్కేనాటికి చిన్న పిల్లాడు. రాజ్యాన్ని నడిపింది తల్లి, ఈ హయత్ బక్షీ బేగమే. "సుల్తాన్ల సమాధులకు ఏమాత్రం తీసిపోదు, చూడండి సార్." పెద్దాయన ఫోన్ జేబులో పెట్టుకుని తల పైకెత్తి చూశాడు, చాలాసేపు.

చివర్లో గమనించాను, ఆవిడ చేతిలో నీళ్ళ బాటిల్ సీల్ కూడా తీయలేదు. "ఒక గ్రూపు వెంట ఇంకో గ్రూపు అక్కా. బాత్రూమ్‌కి టైం ఉండదు, అందుకే తాగను."

ఆ మాట ఇంటికొచ్చినా వదల్లేదు. టూరిజంలో పనిచేసేవాళ్ళలో 54 శాతం ఆడవాళ్ళేనని, సంపాదన మాత్రం మగవాళ్ళకంటే 14.7 శాతం తక్కువని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2019లోనే చెప్పింది. విప్పని ఆ బాటిల్ ఏ లెక్కలోకి వస్తుంది?

వచ్చే ఆదివారం మా పాపని తీసుకెళ్తున్నా. ఆవిడే గైడ్‌గా కావాలని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. మధ్యలో పావుగంట ఆగుదామని కూడా.