పోచంపల్లిలో సొసైటీ లెక్కలు

చేనేత సహకార సంఘం (సొసైటీ) ఎలా నడుస్తుందో చూద్దామని పోచంపల్లికి ఎల్బీనగర్ నుంచి బస్సులో వెళ్లాను. విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక కొత్తగూడెం చౌరస్తాలో ఎడమకు తిరగాలి. (బొగ్గు గనుల కొత్తగూడెం కాదు, ఇది వేరే.) యాభై కిలోమీటర్ల లోపే. 2016లో జిల్లాలు విడగొట్టాక ఈ ఊరు యాదాద్రి భువనగిరిలోకి వచ్చింది. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం "మాది నల్గొండనే" అన్నాడు.

ఊరి పేరు ముందు 'భూదాన్' ఎందుకు చేరిందో చాలామందికి తెలుసు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. ఈ కథలో దాత పేరే గట్టిగా వినిపిస్తుంది, అడిగినవాళ్ల ఊసు తక్కువ. అది నాకు ఎప్పుడూ నచ్చదు. 1946 నుంచి ఈ జిల్లాలో దొరల మీద సాయుధ పోరాటం నడుస్తోంది. అది ఆగింది 1951 అక్టోబర్లో. వెనక అంత సెగ లేకపోతే ఆ రోజు అడగడానికి ఎవరికైనా నోరు వచ్చేదా? అలా మొదలైన భూదాన ఉద్యమంలో తర్వాత దేశమంతా లక్షల ఎకరాలు దానంగా వచ్చాయి. వాటిలో చాలా భూమి పంపకం దాకా రాలేదు. వినోబా మందిరంలో ఎక్కువసేపు ఉండలేదు. నేను వచ్చింది సొసైటీ కోసం.

సందుల్లోకి వెళ్తే ప్రతి రెండో ఇంట్లో మగ్గం చప్పుడు. ఒక ఇంటి అరుగు మీద ఇద్దరు చిటికి కడుతున్నారు. సాగదీసిన పోగుల మీద డిజైన్ గీసి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టడం ఆ పని. ముంచిన ప్రతి రంగుకూ మళ్లీ విప్పడం, మళ్లీ కట్టడం. లోపల ఆసు మెషిన్ (పోగును మేకుల చుట్టూ తిప్పి పేర్చేది) తిరుగుతోంది. ఒకప్పుడు ఒక్క చీరకు ఆడవాళ్లు కొన్ని వేలసార్లు చేయి అటూ ఇటూ ఆడించి ఆసు పోసేవాళ్లు. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేట వాడైన చింతకింది మల్లేశం ఈ మెషిన్ తయారు చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

"మగ్గం మీదేనా అన్నా?" అని చిటికి కడుతున్న ఒకాయనను అడిగాను.

"మగ్గం మాదే. పట్టు సేటుది, రంగు సేటుది, డిజైన్ సేటుది. మాకు మజూరి." (సేటు అంటే సరుకు ఇచ్చి నేయించుకునే వ్యాపారి.)

"మరి సొసైటీలో?"

"సొసైటీ గూడ పట్టిచ్చి చీర తీస్కుంటది. గని అండ్ల మనకు ఓటుంటది, త్రిఫ్టు (పొదుపు) జమైతది. మాల్ అమ్ముడుపోకుంటే మాత్రం పని ఆగుతది." లోపల ఆసు పోస్తున్న ఆవిడ మెషిన్ ఆపి అందుకుంది: "పిల్లకు జరమొస్తే రాత్రి పదింటికి సొసైటీ తలుపు తెరుస్తరా సార్? సేటు అయితే తెరుస్తడు. మల్ల మజూరిల పట్టుకుంటడు, అది వేరే ముచ్చట."

నేను వారాల తరబడి తయారు చేసుకుపోయిన ప్రశ్నలన్నిటికంటే ఈ మాట పెద్దది. పెట్టుబడికి ప్రత్యామ్నాయం అని మనం సభల్లో మాట్లాడేటప్పుడు లాభం ఎవరికి అన్న దగ్గరే ఆగిపోతాం. ఇక్కడ మనిషిని కట్టేసేది ఆ రాత్రి తీసుకున్న అడ్వాన్సు. అది తీరేదాకా ఇంకొకరికి నేయలేడు, సొసైటీలో సభ్యత్వం ఉన్నా సరే.

సొసైటీ ఆఫీసులో లెక్కలు రాసే ఆయన ఓపికమంతుడు. మా కాలనీలో కొందరం రైతుల దగ్గర నేరుగా బియ్యం, పప్పులు కొని పంచుకుంటున్నామని, దాన్ని సొసైటీ చేయాలనుకుంటున్నామని చెప్పాను. ఏ చట్టం కింద అని మొదట అదే అడిగాడు. 1964 నాటి సహకార సంఘాల చట్టం కిందైతే రిజిస్ట్రార్ చేయి ప్రతిదాంట్లో ఉంటుంది. ఎన్నికలు జరగకపోతే సర్కారు పర్సన్ ఇన్‌చార్జిని (పాలకవర్గం బదులు ఒక అధికారిని) పెడుతుంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టంలో సర్కారు వాటా ఉండదు, పెత్తనం తక్కువ. "మీది చిన్నది, రెండోదే మంచిగుంటది" అన్నాడు. ఒక మనిషికి ఒకే ఓటు అనే నియమం 1844లో ఇంగ్లండ్‌లోని రాక్‌డేల్ నేతపనివాళ్లు, చేతిపనివాళ్లు పెట్టిన కిరాణా కొట్టు కాలం నుంచీ ఉన్నదే. పోచంపల్లిలో కూర్చుని అది వింటుంటే ఎక్కడో విన్న సంగతిలా అనిపించలేదు.

ఇంకో సంగతి అక్కడే మాటల్లోకి వచ్చింది. పోచంపల్లి ఇకత్‌కు (ఇలా పోగు కట్టి రంగు వేసి నేసే గుడ్డకు) 2005లో వచ్చిన జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపుకు దరఖాస్తు పెట్టింది సహకార సంఘం ఒక్కటే కాదు, పట్టుచీరల తయారీదారుల సంఘం కూడా. బయట పోటీ పడే ఇద్దరూ ఊరి పేరు కాపాడుకోవడానికి కలిశారు. కలవక తప్పలేదు. మిల్లు గుడ్డ మీద అచ్చు వేసి పోచంపల్లి అని అమ్మేవాళ్లు ఇద్దరికీ దెబ్బే. కొనేటప్పుడు చీర తిరగేసి చూడండి. పోగుకే రంగు వేసింది కాబట్టి రెండు వైపులా డిజైన్ దాదాపు ఒకేలా ఉంటుంది.

మధ్యాహ్నం చౌటుప్పల్ మీదుగా పుట్టపాక. చౌటుప్పల్ చుట్టూ మందుల ఫ్యాక్టరీలు, బస్సులోకే వాసన. పుట్టపాకలో తేలియా రుమాల్ చూడాలని వెళ్లాను. ఆముదంలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి నేసే ఎరుపు, నలుపు, తెలుపు గుడ్డ. ఒకప్పుడు అరబ్బు దేశాలకు పోయేది. 2020లో దీనికీ జీఐ వచ్చింది. గుడ్డ దగ్గరికి తెస్తే ఇప్పటికీ నూనె వాసన.

అక్కడ ఒక మాస్టర్ వీవర్ (నేతగాళ్లకు పని ఇచ్చి నేయించే ఆసామి) చాయ్ పోయించి మరీ వాదించాడు. "నేను గూడ మగ్గం గుంటల కెల్లే వచ్చిన. దసరాకు మాల్ పోకుంటే సొసైటీ సర్కారు దిక్కు చూస్తది. నేనెవల దిక్కు చూడాలె?" అన్నాడు. అది నిజమే. నష్టం ఆయన ఒక్కడే మోస్తాడు. మరి దసరాకు మాల్ మొత్తం పోయిన ఏడు మజూరి ఎంత పెంచారని అడిగాను. నవ్వి, ఇంకో రుమాల్ మడత విప్పాడు.

తిరుగు బస్సులో మా గ్రూపుకు మెసేజ్ పెట్టాను: రిజిస్ట్రేషన్ 1995 చట్టం కింద, సరుకుల మీద మిగిలిన డబ్బు మొదటి ఏడాది పంచుకోవద్దు, అర్ధరాత్రి అడిగినా ఇచ్చే అప్పుల నిధి పెడదాం. హయత్‌నగర్ వచ్చేలోపు నాలుగు జవాబులు వచ్చాయి. ఇద్దరు సరే అన్నారు. ఒకాయన అప్పు ఎగ్గొడితే ఎవరిది పూచీ అని అడిగాడు. ఇంకొకామె, అక్కడి దుప్పట్లు ఏ రేటుకు వచ్చాయని.