మా వాడి చెత్త వ్యాను, మా వాళ్ళ పరువు

ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో పుట్టి పెరిగిన మా పెద్దబ్బాయికి ఇప్పుడు 19 ఏళ్ళు. మన ఇంటర్మీడియట్‌కు సమానమైన చదువు ముగిశాక, విశ్వవిద్యాలయంలో చేరకుండా, ఇళ్ళలో మూలపడ్డ సామానునూ, పెరటి తోటల్లో నరికి పోసిన కొమ్మలనూ గడ్డినీ వ్యానులో ఎత్తుకెళ్ళే చిన్న వ్యాపారం పెట్టుకుంటానని వాడు చెప్పినప్పుడు నేనూ నా భర్తా కాదనలేదు. అయితే నల్లగొండ జిల్లాలో హాలియా దగ్గరున్న మా పుట్టింటికి సెలవులకు వెళ్ళినప్పుడు మాత్రం అది ఇంటిల్లిపాదికీ పెద్ద చర్చ అయింది. "గంత దూరం పోయి, గన్ని పైసలు వెట్టి సదివిచ్చి, ఆఖరికి పిలగాని చేత చెత్తబండి నడిపిస్తవా బిడ్డా?" అని మా చిన్నమ్మ అడిగింది. ఆ ప్రశ్నలో వెటకారం లేదు, నిజమైన దిగులే ఉంది. ఒక మనుమడు హైదరాబాదులో, మరొకడు డల్లాస్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేస్తుండగా, ఆ వరుసలో ఈ వ్యానును నలుగురికీ ఎలా చెప్పుకోవాలో ఆమెకు తోచలేదు.

ఆమె దిగులుకు కారణం మురికి అని నేను అనుకోను. నా చిన్నతనంలో ఎండాకాలం వచ్చిందంటే మా నాయన ఇంటి వెనుక పెంటకుప్పను తానే పార పట్టి ఎద్దుల బండికెత్తి చేనుకు తోలేవాడు. మోకాళ్ళ దాకా పేడ అంటినా అందులో ఆయనకు చిన్నతనమేమీ కనిపించేది కాదు, పైగా ఎన్ని బండ్ల పెంట తోలామన్నది గొప్పగా చెప్పుకునేవాడు. అదే మనిషి, కొట్టంలో పశువు చనిపోతే దాన్ని ముట్టకుండా దళిత వాడకు కబురు పంపేవాడు. చనిపోయిన మనిషి కట్టుబట్టలూ పక్కబట్టలూ చాకలికి ఇచ్చేవారు. అంటే మన వాళ్ళను బాధపెట్టేది చెత్త కాదు, ఎవరి చెత్తను ఎవరు ఎత్తాలని ఊరు ఏనాడో పుట్టుకను బట్టి పంచి పెట్టిన లెక్క. సొంత పెంట తోలడం వ్యవసాయం, పక్కింటి చెత్త ఎత్తడం తక్కువతనం. సముద్రాలు దాటి వెళ్ళిన మాలో చాలామందిమి పచ్చళ్ళతో పాటు ఈ లెక్కనూ పెట్టెలో సర్దుకునే వెళ్ళాము. అక్కడి తెలుగువారి ఉగాది వేడుకల్లో మా అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగి, జవాబు విని, వెంటనే మాట మార్చినవారు ఇందుకు సాక్షులు.

ఇంగ్లండులో అందరూ సమానమేనని చెప్పడం కూడా అబద్ధమే అవుతుంది. అక్కడ కూడా చెత్త ఎత్తేవాడిని విందుకు పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు తక్కువే. కానీ ఆ చులకన పనితో వచ్చి పనితో పోతుంది, తండ్రి నుంచి కొడుకుకు రక్తంతో దిగదు. మా వాడికి మన లెక్క తెలియకుండా పెంచడం తేలికే. తెలియకుండా పెరిగితే సిగ్గు ఉండదు, నిజమే. అయితే తాను హాయిగా ఎంచుకున్న పనిని తాత ఊళ్ళో ఎంచుకునే వీలు లేకుండా తరతరాలు చేసినవారున్నారన్న ఎరుక కూడా ఉండదు. అందుకని వాడికి ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు అడిగిన మొదటి ప్రశ్న, "చనిపోయిన గొడ్డును మోసుకెళ్ళినవాళ్ళకు తాత ఎంత ఇచ్చేవాడు?" అన్నది. గింజలూ, చర్మమూ తప్ప డబ్బు ఇచ్చిన గుర్తు నాకు లేదు. పిల్లలకు సిగ్గును అప్పగించకూడదు గాని, ఈ ఖాతాను మాత్రం అప్పగించి తీరాలని నా అభిప్రాయం.

ఇక వ్యాపారం సంగతి. సొంత చెత్తను కారులో వేసుకుని మున్సిపాలిటీ వారి కేంద్రంలో పడేసినంత తేలిక కాదు, ఇతరుల చెత్తను డబ్బు తీసుకుని మోయడం. అక్కడి 1990 నాటి పర్యావరణ రక్షణ చట్టం ప్రకారం వాడు చెత్తను చేతికి తీసుకున్న క్షణం నుంచి దానికి వాడిదే పూచీ. అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ అయిన ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ దగ్గర చెత్త రవాణాదారుగా పేరు నమోదు చేయించుకోవాలి, మూడేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. తెచ్చిన చెత్తను ఎక్కడ అప్పగించినా చేతులు మారిన చీటీ రాసి రెండేళ్ళు భద్రపరచాలి. గృహస్థులకు ఉచితంగా తెరిచి ఉంచే కేంద్రాలు ఇతనిని లోపలికి రానివ్వవు, ఎందుకంటే ఒక ముసలావిడ తోటలోని గులాబీ కొమ్మలైనా సరే, కిరాయికి మోసిన మరుక్షణం ఆ కేంద్రాలు వాటిని వ్యాపారపు చెత్తగానే లెక్కిస్తాయి. మామూలు కారు బీమా కూడా పనికిరాదు. కిరాయికి సరుకు మోసే వాహనానికి వేరే బీమా ఉండాలి, అది ఆ వయసు కుర్రవాడికి వ్యాను ధరను తలదన్నేలా పలుకుతుంది. నా భర్త పెట్టిన షరతు ఒక్కటే: ఈ కాగితాలన్నీ చేతికి వచ్చేవరకు ఒక్క సంచి కూడా ఎత్తకూడదు. రోడ్డు పక్కన, పొలాల గట్ల మీద రాత్రికి రాత్రి చెత్త దింపిపోయేవారు అక్కడా ఉన్నారు. నమోదు ఉందో లేదో చూసుకోకుండా అటువంటివారికి చెత్త అప్పగించిన ఇంటి యజమానికి కూడా జరిమానా పడవచ్చు.

ఈ వివరాలేవీ మా నాయనను కదిలించలేదు. చెత్త దింపే చోట బండిని తూచే కాంటా మాట వచ్చేసరికి మాత్రం ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. మిర్యాలగూడ బియ్యం మిల్లుల ముందు వడ్ల ట్రాక్టరుతో రాత్రుళ్ళు వరసలో నిలబడ్డ మనిషి ఆయన. నిండు బండిని ఒకసారి, ఖాళీ బండిని ఒకసారి తూచి, తేడాకు లెక్క కట్టడం ఆయనకు కొత్త కాదు. మనవడు చెప్పిన తిరకాసు ఆయనకు వెంటనే పట్టుబడింది. ఇంటివాళ్ళ దగ్గర బండి ఎంత నిండిందన్నదాన్ని బట్టి డబ్బు తీసుకుంటారు, దింపే చోట మాత్రం బరువును బట్టి చెల్లించాలి. ఈ రెండింటి మధ్య మిగిలినదే లాభం. ఆకులతో వ్యాను పైదాకా నిండినా బరువు కొద్దిగానే ఉంటుంది. అదే మట్టి అయితే ఒక ఘనపు మీటరే సుమారు టన్నున్నర తూగుతుంది. సాధారణ లైసెన్సుతో నడపగల వాహనం సరుకుతో కలిపి మూడున్నర టన్నులు దాటకూడదు, అందులో సగానికి పైగా వ్యాను సొంత బరువే కాబట్టి, అడుగున నాలుగు వేళ్ళ మందం మట్టి పరిచేసరికే జాగ్రత్త పడవలసి వస్తుంది. "మరి తరుగు ఎంత తీస్తరు?" అని తాత అడిగాడు. తరుగు తీయరని, పైగా చెత్తను పూడ్చిపెడితే టన్నుకు పన్ను ఉంటుందని, అది 2025 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు 126 పౌండ్ల 15 పెన్నీలని, అందుకే కొమ్మలనూ గడ్డినీ వేరు చేసి ఎరువు తయారుచేసే చోటికి తీసుకుపోతే ఖర్చు తగ్గుతుందని వాడు వచ్చీరాని తెలుగులో వివరించాడు. ఆ సాయంత్రమంతా తాతా మనవడూ కలిసి ఒక నోటుపుస్తకంలో బరువులు రాసుకుంటూ గడిపారు. ఫోనులో క్షేమసమాచారాలు దాటి ఎన్నడూ ముందుకు సాగని వాళ్ళ మాటలు, చెత్త బరువు మీద అంతసేపు సాగాయి. వారాంతపు తెలుగు బడి చేయలేని పని అది.

ఈ వృత్తిలో నాకు అన్నిటికంటే కష్టంగా తోచేది కొమ్మలు మోయడం కాదు, వృద్ధులు చనిపోయిన ఇళ్ళను ఖాళీ చేయడం. పిల్లలు ఎక్కడో దూరపు ఊళ్ళలో ఉంటారు, ఇంటి తాళం వీడి చేతికి ఇచ్చి అంతా తీసేయమంటారు. పరుపులు, ఫ్రిజ్‌లు, సోఫాలు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క దారి. నిప్పు త్వరగా అంటుకోకుండా కలిపిన రసాయనాలున్న పాత సోఫాలను పూడ్చడానికి వీల్లేదు, విడిగా తీసుకెళ్ళి కాల్పించాలి. మంచి సోఫాను దానంగా ఇద్దామన్నా అగ్ని భద్రత చీటీ కుట్టి లేకపోతే దాతృత్వ దుకాణాలు తీసుకోవు. సొరుగుల్లో దొరికిన ఫొటోలనూ ఉత్తరాలనూ నగలనూ వేరే పెట్టెలో పెట్టి, కుటుంబం వారికి చూపించిన తర్వాతే ఏ నిర్ణయమైనా తీసుకోవాలని నేను వాడికి గట్టిగా చెప్పాను. వద్దనేవారే ఎక్కువ. మా అమ్మ పోయిన తర్వాత ఆమె ట్రంకు పెట్టెను మేము ఇంతవరకు కదిలించలేదని, దానిలోని పంచాంగాలకు కూడా చెదలు పట్టనివ్వలేదని వాడికి తెలుసు. ఒక కుటుంబం వద్దన్న దంపతుల పెళ్ళి ఫొటోను వాడు పారవేయలేక మా గ్యారేజీలో పెట్టుకున్నాడు. తీసేయమని నేనూ అనలేదు. వ్యాపారి అన్నవాడు అటువంటివి కూడబెట్టుకుంటూ పోతే గ్యారేజీ చాలదని నా భర్త అంటాడు, అది కూడా సరైన మాటే.

మా తమ్ముడి కొడుకు ఇదంతా విని, నల్లగొండ పట్టణంలోనే ఒక టాటా ఏస్ కొని ఇదే పని చేస్తే ఎలా ఉంటుందని వాడిని అడిగాడు. ఇక్కడి లెక్క తలకిందులుగా ఉంటుంది. పాత ఇనుము కావాలంటూ వీధిలోకి వచ్చేవాడు మనకే ఎదురు డబ్బులో ఉల్లిగడ్డలో ఇచ్చి పోతాడు కాబట్టి, సామాను తీసుకుపోవడానికి మనం డబ్బు ఇవ్వడమేమిటని జనం అడుగుతారు. 2019లో ఊళ్ళను శుభ్రంగా ఉంచే ప్రభుత్వ కార్యక్రమం పల్లె ప్రగతి మొదలయ్యాక మా ఊరికి కూడా పంచాయతీ ట్రాక్టరు వచ్చింది, పట్టణంలో మున్సిపాలిటీ బండ్లు తడి చెత్తనూ పొడి చెత్తనూ తీసుకుపోతాయి. కానీ కొట్టేసిన వేపకొమ్మలు, చిరిగిన పరుపులు, ఇల్లు బాగుచేయించగా మిగిలిన పెళ్ళలు ఆ బండ్లలోకి ఎక్కవు. ఖాళీ ప్లాటులోనో మురికికాలువ ఒడ్డునో పడి ఉంటాయి, లేదా తగలబెడతారు. పని ఉందన్నది నిజమే.

"మరి దింపేది ఎక్కడ?" అని మా వాడు అడిగాడు. "చెరువు కట్ట పక్కన బోలెడంత జాగ ఉంది కద బావా" అని మేనల్లుడు అన్నాడు. అలాగైతే తాను ఒక్క రూపాయి కూడా పెట్టనని మా వాడు చెప్పడం, అది విని మా తమ్ముడు నొచ్చుకోవడం, తాత మా వాడి పక్షం వహించడం అన్నీ అయ్యాయి. చివరికి పిల్లలిద్దరూ కలిసి మున్సిపల్ కార్యాలయానికి వెళ్ళి, పెళ్ళలూ పరుపులూ దింపడానికి చోటు చూపించమని అర్జీ ఇచ్చి వచ్చారు. మేము తిరిగి బయలుదేరేనాటికి జవాబు రాలేదు. కొమ్మల వరకైతే ఊరి బయట మొక్కల నర్సరీ నడిపే ఆయన, సన్నగా నరికి తెస్తే ఎరువు గుంతలో వేసుకుంటానన్నాడు. నరికే యంత్రం కిరాయికి ఎక్కడ దొరుకుతుందో మేనల్లుడు ఇప్పుడు వెతుకుతున్నాడు.