అగరు కోసం హోజాయ్ దాకా

"దశాంగం గుగ్గులోపేతం సుగంధం సుమనోహరం" అని చదివి ధూపం వేసినప్పుడల్లా ఒక లోటు నన్ను తొలిచేది. దశాంగం పొడి మూడేళ్లుగా ఇంట్లోనే కలుపుకుంటున్నాను. గుగ్గిలం, సాంబ్రాణి, శ్రీగంధం, వట్టివేళ్లు, జటామాంసి, తుంగముస్తెలు, కచ్చూరాలు... అన్నీ మూలికల దుకాణంలో దొరికేవి. అగరు చెక్క ఒక్కటే దొరకలేదు. అడిగితే పొట్లం కట్టిచ్చిన పొడి నిప్పుల మీద వేస్తే రంపపు పొట్టు కాలిన వాసనే వచ్చింది. ఒకసారి ఆన్‌లైన్‌లో నల్లటి ముక్క తెప్పించాను. డబ్బా మూత తీయగానే గది నిండిపోయింది. ఎంత సంబరపడ్డానో! తీరా కాలిస్తే ప్లాస్టిక్ కమురు వాసన. మామూలు చెక్కను సెంటునూనెలో నానబెట్టి అమ్మారన్నమాట.

అగరువత్తి వెలగని ఇల్లు మనకు లేదు. ఆ వత్తిలో ఉండేది చాలావరకు బొగ్గుపొడి, రంపపు పొట్టు, జిగట, పైన అద్దిన సెంటు. పేరులో ఉన్న అగరు మాత్రం అందులో ఉండదు. ఆ చెట్టును కళ్లారా చూసి, ఆ చెక్కను నా ముక్కుతో వాసన చూసి కొనుక్కోవాలని ఫిబ్రవరిలో గువాహటి రైలెక్కాను.

గువాహటిలో దిగిన రోజు దిఘలీపుఖురీ చెరువు పక్కనున్న అస్సాం రాష్ట్ర మ్యూజియానికి వెళ్లాను. వెళ్లింది సాంచిపాత్ కోసం. అగరు చెట్టును అక్కడ సాంచి అంటారు. దాని బెరడును ఎండబెట్టి, నునుపు చేసి, పురుగు పట్టకుండా హరితాళం అనే పసుపుపచ్చటి ఖనిజం పూసి, మనం తాటాకు మీద రాసినట్టు వాళ్లు దాని మీద రాసుకున్నారు. బాణుడి హర్షచరిత్రలో, కామరూప (నేటి అస్సాం) రాజు భాస్కరవర్మ హర్షుడికి పంపిన కానుకల్లో అగరు బెరడు మీద రాసిన పుస్తకాలున్నాయి. అది ఏడో శతాబ్దం మాట. అంతకుముందే రఘువంశం నాలుగో సర్గలో కాళిదాసు, రఘువు లౌహిత్య నది దాటగానే ప్రాగ్జ్యోతిష రాజు వణికాడనీ, రఘువు ఏనుగుల్ని కట్టేసిన కాలాగరు చెట్లూ ఆ రాజుతోపాటు కదిలిపోయాయనీ అన్నాడు. లౌహిత్య అంటే మన బ్రహ్మపుత్ర, ప్రాగ్జ్యోతిషం అంటే ఆ కామరూపమే. చదువుకున్న రోజుల్లో అది ఒట్టి అలంకారమనుకున్నాను. కవి ఆ చోటికి తగిన చెట్టునే ఎంచాడని అద్దాల పెట్టెలో ఆ బెరడు పుటలు చూశాక గాని తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే లమ్‌డింగ్ వైపు వెళ్లే రైలెక్కి హోజాయ్‌లో దిగాను. అగరు వ్యాపారానికి పెట్టింది పేరు ఆ ఊరు. గువాహటిలో ఉద్యోగం చేసే స్నేహితుడు తనకు తెలిసిన ఒక పెద్దాయనకు ముందే ఫోన్ చేసి ఉంచాడు. ఆయన్ని అందరూ చాచా అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను.

దుకాణం చూపించే ముందు నన్ను వెనక షెడ్డులోకి తీసుకెళ్లాడు. పది పన్నెండు మంది నేలమీద కూర్చుని చిన్న చిన్న ఉలులతో చెక్కుతున్నారు. మొద్దులో తెల్ల భాగమంతా గీకి పారేసి, నల్లటి చార మాత్రం మిగిలేలా తీస్తున్నారు. చెయ్యి కాస్త అదుపు తప్పితే డబ్బే పొట్టులో కలిసిపోతుంది. ఒకాయన అరచేతిలో పట్టే ముక్క మీద పొద్దుటినుంచీ పని చేస్తున్నాడట. తెల్ల చెక్క ముక్క ఒకటి చేతికిచ్చాడు చాచా. దూదిలా తేలిక. వాసన లేదు.

"ఇది బాగున్న చెట్టు. దీనికి విలువ లేదు. జబ్బు చేసిందే మాకు బంగారం" అన్నాడు.

శ్రీగంధంలో పరిమళం చేవలో ఉంటుంది. చెట్టు ముదిరేకొద్దీ చేవ కడుతుంది, దాంతోపాటే వాసన. అగరు తీరు వేరు. కాండంలోకి పురుగు తొలుచుకుపోతుంది, ఆ దారిన బూజు చేరుతుంది. దాన్ని అడ్డుకోవడానికి చెట్టు ఏళ్ల తరబడి నల్లటి బంకను ఊరిస్తుంది. ఆ బంక పట్టిన చెక్కే అగరు. మన శేషాచలం ఎర్రచందనం సంగతీ ఇక్కడే చెప్పాలి. పేరులో చందనం ఉన్నా దానికి పరిమళం లేదు. ధూపానికి పనికొస్తుందని ఎవరైనా అంటగడితే నమ్మకండి.

షెడ్డు చివర తొట్లలో చెక్కపొడి నీళ్లలో నానుతోంది. రోజుల తరబడి నానిన తరవాత డేగిశాల్లో ఉడికించి, ఆవిరిని చల్లార్చి నూనె తీస్తారు. తొట్టి దగ్గర పశువుల కొట్టంలాంటి పులిసిన వాసన. నేను ముక్కు మూసుకోలేదు. అత్తరులో ఆ లోతు ఈ పులుపు నుంచే వస్తుందని చాచా చెప్పాక మరోసారి వంగి పీల్చాను. నూనె తీసేయగా మిగిలిన పిప్పిని అగరువత్తులు చేసేవాళ్లు కొనుక్కుపోతారట. మన వత్తుల్లో ఎప్పుడైనా అసలు అగరు పడిందంటే అది ఈ పిప్పే అయ్యుంటుంది.

తరవాత దుకాణం గదిలో తెల్ల గుడ్డ పరిచి నాలుగు పళ్లేలు పెట్టాడు. లేత గోధుమ రంగు నుంచి కారునలుపు దాకా. చివరిది బీరువాలోంచి తీశాడు. అలాంటిదంతా గల్ఫ్ దేశాలకే పోతుందట. నేను ఒక ముక్కను గ్లాసుడు నీళ్లలో వేసి చూడమన్నాను, మునిగితే మంచిదని ఎక్కడో చదివి. చాచా తల అడ్డంగా ఊపాడు. బంక దట్టంగా పట్టినది మునిగే మాట నిజమే. కానీ లోపల లోహం దూర్చి బరువు పెంచినదీ మునుగుతుంది. "నీళ్లని అడక్కు, నిప్పుని అడుగు" అన్నాడు.

ముందు చల్లటి ముక్కను వాసన చూడమన్నాడు. దాదాపు ఏమీ లేదు. అదే మొదటి గుర్తు, చల్లగా ఉన్నప్పుడే గుప్పుమంటే అనుమానించాలి. ఆవగింజంత పలుకు గోటితో తీసి, బూడిద కప్పిన నిప్పు మీద పెట్టాడు. కాసేపటికి పలుకు అంచున బంక బుడగలు కట్టింది. సన్నటి పొగ. మొదట వేపబెరడు కాలినట్టు చిరుచేదు. దాని వెనకే బెల్లం పాకం ముదిరేటప్పటి తీపి. ఆ రెండూ తగ్గాక గర్భగుడి గడప దగ్గర నిలబడితే తగిలే చల్లదనం లాంటిదేదో గొంతులోకి దిగింది. మాట్లాడాలనిపించలేదు. చాచా కూడా మాట్లాడలేదు.

బీరువాలోది అడిగే స్తోమత నాకు లేదు. అడగబోయినా ఆయనే వారించాడు, "ఇంట్లో పూజకే కదా బేటా, మూడోది చాలు" అని. బంగారం తూచే త్రాసులాంటి దాంట్లో 20 గ్రాములు తూచాడు. గ్రాము 200 లెక్కన 4,000 రూపాయలు. బేరమాడలేదు, ఉలి పట్టినవాళ్లని చూసి వచ్చాక నోరు రాలేదు. బిల్లు జాగ్రత్తగా ఉంచుకోమన్నాడు. అడవుల్లో విచ్చలవిడిగా నరికేస్తున్నారని భారత్ ప్రతిపాదిస్తే, ఈ చెట్టు 1995లో సైట్స్ (అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో చేరింది. ఇప్పుడు సరుకు ఎక్కడిదో కాగితం మీద చూపాలి. అది మంచిదే.

బతికున్న చెట్టును చూడకుండా తిరిగి రాబుద్ధి కాలేదు. రెండు రోజుల తరవాత ఫర్కాటింగ్‌లో దిగి గోలాఘాట్ దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. పెరడు నిండా పోక చెట్లు, వాటి నడుమ నిటారుగా సాంచి చెట్లు. ఇంటాయన ఒక మొదలు దగ్గర కూర్చుని నేల మీద రాలిన సన్నటి పొట్టు చూపించాడు, పైన కాండంలో రంధ్రాలు. పురుగు దిగిందన్నమాట. ఏ పంటకైనా పురుగు పడితే రైతు గుండె జారుతుంది. ఈయన ముఖం వెలిగిపోతోంది. కొనేవాళ్లు నిలబడి ఉన్న చెట్టునే చూసి, తట్టి, బేరం కుదుర్చుకుంటారట. లోపల ఎంత నలుపు ఉందో నరికేదాకా ఇద్దరికీ తెలియదు. తన పెద్ద కూతురి పెళ్లికి రెండు చెట్లు అమ్మానని, ఒకదాంట్లో ఏమీ లేకపోయినా కొన్నవాడు పల్లెత్తు మాట అనలేదని చెప్పాడు. పక్క చెట్టుకు మేకులు కొట్టి ఉన్నాయి. పురుగు రాని చోట అలా గాయం చేస్తారట. ఆ మేకుల మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. అగరు కావాలని ఇంత దూరం వచ్చినదాన్ని, ఆ తుప్పు మరకలు చూసి బాధపడకుండా ఉండలేకపోయాను.

ఇంటికొచ్చాక రెండు గ్రాములు నూరి దశాంగంలో కలిపాను. మిగతాది చిన్న స్టీలు డబ్బాలో ఉంది, బిల్లు మడిచి అదే డబ్బాలో పెట్టాను. రోజూ వాడను. పండగలకు ఆవగింజంత పలుకు, బూడిద కప్పిన నిప్పు మీద, చాచా పెట్టినట్టే.