రికార్డు పుస్తకంలో 980

సంక్రాంతి సెలవులకు మా మేనకోడలు వచ్చింది. బి.ఎస్సీ. మొదటి సంవత్సరం చదువుతోంది. వచ్చిన రోజు రాత్రే సంచిలోంచి ప్రాక్టికల్ రికార్డు తీసి, "మావయ్యా, కాంపౌండ్ పెండ్యులంతో నాకు g విలువ 971 వచ్చింది. 980 రావాలంటే ఏ రీడింగు మార్చాలి?" అని అడిగింది.

g అంటే భూమ్యాకర్షణ వల్ల కలిగే త్వరణం, ఇక్కడ సెకను వర్గానికి సెంటీమీటర్లలో. కాంపౌండ్ పెండ్యులం అంటే ఒక చోట వేలాడదీసి ఊపే పట్టీ. ఏ రీడింగు మార్చాలో నాకు బాగా తెలుసు. 1996లో నేనూ మార్చాను. తెలుగు మాధ్యమం, చిన్న పట్టణం, యాంత్రికశాస్త్రం పేపరు. జడత్వ భ్రామకం, కోణీయ ద్రవ్యవేగం, కేంద్రీయ బలాలు అన్నీ కంఠస్థం. "సమాసం రాబట్టుము" అంటే చాలు, కలం ఆగేది కాదు. ప్రయోగశాలలో 972 వచ్చేసరికి మాత్రం భయపడి, 20 డోలనాలకు పట్టిన కాలంలో ఒక సెకనులో పదో వంతు తగ్గించి 980 దగ్గరికి తెచ్చాను. అంత చిన్న సవరణకే జవాబు అంతగా ఎందుకు కదిలిందని ఆ రోజు ఆలోచించలేదు. ఆ ఏడాది చదువులో నేను పోగొట్టుకున్నది అదేనని ఇప్పుడు అనిపిస్తుంది.

"రీడింగు మార్చొద్దు తల్లీ, మళ్ళీ ఊపి చూద్దాం" అన్నాను.

మీటరు పొడవున్న అల్యూమినియం పట్టీకి వెల్డింగ్ షాపులో వరుసగా రంధ్రాలు వేయించాం. మూడు పలకల ఆకురాయిని బల్లకు బిగిస్తే దాని అంచే పట్టీ ఊగడానికి ఆధారమైన కత్తి అంచయింది. ఫోనులో స్టాప్‌వాచ్. పట్టీని మొదట చివరి రంధ్రం నుంచి వేలాడదీశాం. ఒక్కో డోలనానికి 1.63 సెకన్లు. తర్వాత రంధ్రం మార్చి మధ్యకు జరుపుతూ వచ్చాం. కాలం తగ్గింది. దారానికి గుండు కట్టిన లఘులోలకంలో పొడవు తగ్గేకొద్దీ కాలం తగ్గుతుంది; ఆ అలవాటుతో ఇంకా తగ్గుతుందని ఆమె ఎదురుచూసింది. మధ్య బిందువుకు సుమారు 29 సెంటీమీటర్ల దూరంలో 1.53కు చేరి, అక్కడి నుంచి పెరగడం మొదలుపెట్టింది. 10 సెంటీమీటర్ల దగ్గర 1.94.

"నువ్వు తప్పు లెక్కపెట్టావేమో మావయ్యా!"

తప్పు కాదు. ఆధారం మధ్యకు జరిగేకొద్దీ పట్టీని వెనక్కి లాగే బల భ్రామకం, అంటే తిప్పే బలం, సున్నా వైపు పోతుంది. జడత్వ భ్రామకమూ, అంటే తిరగడానికి పట్టీ చూపే మొండితనమూ, తగ్గుతుంది కానీ, సున్నాకు రాదు. తన మధ్య బిందువు చుట్టూ తిరగడానికి పట్టీకి ఉండే జడత్వం ఎప్పటికీ మిగిలే ఉంటుంది. లాగే బలం సన్నగిల్లి, కదలాల్సిన బరువు అలాగే ఉంటే ఊపు మందగించక ఏం చేస్తుంది? పరీక్షలో ఈ సూత్రాన్ని ఐదు నిమిషాల్లో రాసేవాణ్ణి. దాని అర్థం చేతిలో పట్టీ ఉన్నప్పుడే తెలిసింది.

దూరానికీ డోలన కాలానికీ గ్రాఫు గీస్తే మధ్య బిందువుకు అటొకటి ఇటొకటి రెండు వక్రాలు వచ్చాయి. అడ్డంగా గీత గీస్తే నాలుగు చోట్ల తగిలింది. చివర వేలాడదీసినా, అవతలి వైపు మధ్యకు 17 సెంటీమీటర్ల దూరంలో వేలాడదీసినా ఒకే కాలం! ఈ రెండు బిందువుల మధ్య దూరమే అదే కాలంతో ఊగే లఘులోలకం పొడవు. 1673లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ కనిపెట్టిన సంగతి ఇది. మద్రాసులో భూమి కొలతల అధికారి లాంబ్టన్ వద్ద సర్వే పని చేసి వెళ్ళిన హెన్రీ కేటర్, 1817లో లండన్‌లో g కొలవడానికి దీన్నే వాడుకున్నాడు. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడిన వాళ్ళకూ ఈ బిందువు తెలుసు, పేరు తెలియదంతే. కర్ర చివర పట్టుకుని, పొడవులో మూడింట రెండు వంతుల దగ్గర బిళ్ళను తగిలిస్తే చెయ్యి జిల్లుమనదు.

ఇక లెక్క. ఆ రెండు బిందువుల మధ్య పొడవు 66.0 సెంటీమీటర్లు, 100 డోలనాలకు 163.2 సెకన్లు. g విలువ 978 వచ్చింది. గడియారం నొక్కడంలో 0.2 సెకను ఆలస్యం, గ్రాఫు చదవడంలో రెండు మిల్లీమీటర్లు కలిపితే అటూ ఇటూ 5. అదే 20 డోలనాలైతే ఆ 0.2 సెకను ఒక్కటే 12, 13 తేడా తెస్తుంది. అంటే ఆమె 971లో తప్పేమీ లేదు, నా 972లోనూ లేదు.

పైగా 980 మన ఊరి విలువే కాదు. భూమధ్యరేఖ దగ్గర 978.0, ధ్రువాల వద్ద 983.2. పుస్తకాల్లోని 980.665 అన్నది 1901లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రామాణిక విలువ, సుమారు 45 డిగ్రీల అక్షాంశానిది. 18 డిగ్రీల దగ్గర, సముద్రమట్టంలో, మనకు రావాల్సింది 978.5. మా కొలతకు 980ని కాదనే శక్తి లేదు, అందులో 980 కూడా ఇమిడిపోతుంది. ఆ మాటా రికార్డులో రాయమన్నాను.

"మరి 200 డోలనాలు లెక్కపెడితే?" అంది.

భోజనాలయ్యాక మళ్ళీ కూర్చున్నాం. 140 దాటేసరికి ఊపు వెంట్రుకవాసి అయిపోయి, పట్టీ గీతను ఎప్పుడు దాటుతోందో కంటికి ఆనలేదు. ఆమె పెన్సిలు తీసుకుని, ఎక్కడ ఆపామో ఆ అంకె రాసి, పక్కనే కారణమూ రాసుకుంది.